ప్రేమకుమారిగారి అగ్నిపర్వతం

ఢిల్లీ మహానగరంలో అగ్నిపర్వతం లేదన్న విషయాన్ని సిస్టర్ ప్రేమకుమారిగారు మాటవరసకు ఒప్పుకొనేవారే గాని, ఆచరణలో ఏనాడూ అంగీకరించలేదు. వసంత్ కుంజ్‌లోని మా బ్లాకు వెనుక ఎక్కడో ఒక కొండ పొంచి ఉన్నదనీ, అది నేడో రేపో పొగచిమ్మి మా నెత్తిన బూడిద కుమ్మరించగలదనీ, అందుకు సిద్ధంగా లేని ఇల్లు అసలు ఇల్లే కాదనీ ఆమె నడవడి అంతా చాటుతూ ఉండేది.

ఉదయం పాలపొట్లం కోసం నేను తలుపు తీయడమే తడవుగా పై మెట్ల నుంచి ఒక ప్రశ్న దిగివచ్చేది.

"అన్నయ్యగారూ, ఈవేళ గాలి ఎటు?"

మొదట్లో నేను చాలా ఇబ్బంది పడ్డాను. అరవైయేళ్ళ జీవితంలో నన్ను ఆ ప్రశ్న అడిగినవారు లేరు. తెలియదనడానికి మనసొప్పక, "తూర్పేనండీ" అని ఒక దిక్కు పేరు చెప్పి లోపలికి వచ్చేవాణ్ణి. అరగంటలో ఆమె మళ్ళీ తలుపు తట్టేవారు. "తూర్పు కాదండీ, వాయవ్యం. మీరు తూర్పన్నారని బట్టలన్నీ ఇటు ఆరేశాను" అని ఎంతో మర్యాదగా నా అజ్ఞానాన్ని నాకు అప్పగించి వెళ్ళేవారు.

"గాలి ఎటైతే మనకేమిటి వదినా?" అని మా ఆవిడ హనుమాయమ్మ ఒకనాడు ఉండబట్టలేక అడిగింది.

"గాలి తెలియకుండా బట్టలెలా ఆరేస్తారు వదినగారూ?"

"దండెం మీద ఆరేస్తాను."

ప్రేమకుమారిగారు జాలిగా నవ్వి ఊరుకున్నారు.

ఈ ప్రశ్నకు మేమొక్కరమే గురికాలేదు. పాలవాడు, చాకలి, ఆటో నడిపే సర్దార్జీ, ఎవరైనా సరే ముందు గాలి ఆనవాలు చెప్పి ఆ తరువాతే తమ పని చూసుకోవాలి. ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరుగారు గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ చేయి కలిపి "దేవుడు దీవించును గాక" అంటూ ఉంటే, ఈమె వంతు వచ్చేసరికి "వందనాలండీ, గాలి ఎటు?" అనేవారట. ఆ పెద్దమనిషి ప్రసంగానికి వెళ్ళేముందు ఆవరణలోకి వచ్చి, వేలు తడిచేసుకొని పైకెత్తి చూసుకొనడం అలవరచుకొన్నారని ఆమె చెల్లెలి కూతురు అబిగెయిల్ నవ్వుతూ చెప్పేది.

ప్రేమకుమారిగారిది రేపల్లె ప్రాంతం. గుంటూరులో నర్సు చదువు పూర్తిచేసి, నిండు యౌవనంలో మిషను వారి ఆసుపత్రి పని మీద ఎక్కడో మహాసముద్రం నడుమ ఉన్న ఒక చిన్న దీవికి వెళ్ళి, జుట్టు నెరిసేదాకా అక్కడే ఉండిపోయారు. ఆ దీవి పేరు ఆమె ఎన్నిసార్లు చెప్పినా నా నాలుకకు పట్టుబడలేదు. మా ఇంట్లో అది 'దీవి'గానే స్థిరపడిపోయింది. దీవి మధ్యలో కొండ. కొండ నెత్తిన నిప్పు. అది పెద్దగా కోపగించిన సంవత్సరం ఆసుపత్రి మూతపడి, ఆమె ఢిల్లీ చేరుకొని, మా బ్లాకులో అన్నిటికంటె పై అంతస్తులో అద్దెకు దిగారు. తల్లిలేని అబిగెయిల్ నోయిడాలో ఏదో టీవీ వారి కార్యాలయంలో పనిచేస్తూ ఆమె వద్దనే ఉండేది.

దీవిలో ఇల్లు నడపడం ఎలాగో ఆమె చెబుతూ ఉంటే వినవలసినదే. అక్కడ లేవగానే చూడవలసినది గడియారం కాదు, గాలి. గాలి కొండ మీది నుంచి ఇంటివైపు తిరిగితే వెంటనే నీళ్ళతొట్టి మీద మూత బిగించాలి, వాననీటి గొట్టాన్ని తొట్టినుంచి ఊడబెరకాలి, కిటికీ సందుల్లో తడిగుడ్డ కూరాలి. కప్పు మీద పడిన బూడిదను పొడిగా ఉండగానే ఊడ్వాలి. నీళ్ళు పోసి కడుగుదామనుకొన్నవాడు చెడ్డాడన్నమాటే. తడిసిన బూడిద సున్నపు ముద్దలా గట్టిపడి తూములు పూడ్చేస్తుంది, బరువెక్కి కప్పునే కూలదోస్తుంది. పెరట్లో ఆకుకూరలు మాడిపోతాయి. మట్టిలో దాగిన దుంపలే మిగులుతాయి. "కాని ఆ మట్టి ఉంది చూశారూ, అన్నయ్యగారూ! పుల్ల గుచ్చితే చెట్టయ్యేది" అని, తిట్టినంతసేపూ తిట్టి చివరికి ఆ కొండనే పొగిడేవారు.

ఇంత విద్యనూ ఆమె ఢిల్లీకి వచ్చినంత మాత్రాన మరచిపోలేదు. వారింట్లో టీవీకి ఒక సంచి, మిక్సీకి ఒక సంచి, రేడియోకు ఒక సంచి. అబిగెయిల్ కంప్యూటరుకు పూలపూల దిండుగలీబు. ఒక్క ఉత్తరం పంపాలన్నా ముందు కంప్యూటరుకు బట్టలు విప్పాలని ఆ పిల్ల వాపోయేది. "ఆంటీ, యే దిల్లీ హై! యహా ఓల్కేనో నహీ హై!" అని అది తల పట్టుకొంటే, "మా దీవిలో కూడా మొదటి రోజు అందరూ అలాగే అనుకొన్నారే" అని ఈమె తెలుగులో జవాబిచ్చేవారు. ఇంటికి వచ్చిన వారెవరైనా గుమ్మం బయట నిలబడి భుజాలు దులుపుకొని, పాదాలు తట్టి లోపలికి రావలసినదే. విద్యుత్ మీటరు చూడడానికి వచ్చినవాడు ఆ కవాతు చేస్తూ ఉండగా నేను స్వయంగా చూశాను.

ఇవన్నీ ఇంటిలోపలి ముచ్చట్లు. అసలు భాగవతం డాబా మీద జరిగేది.

మా బ్లాకులో నాలుగు అంతస్తులు, నాలుగు వాటాలు. అడుగున ఉన్న ఇల్లుగల అధికారికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం. అది ఎప్పుడూ తాళమే. దాని పైన మేము. మా పైన చోప్రా, ఆయన తల్లి. వారి పైన ప్రేమకుమారిగారు. డాబాను నాలుగు భాగాలుగా పంచి, తెల్లరంగుతో గీతలు గీసి ఉంచారు. ఢిల్లీలో డాబా హద్దంటే సరిహద్దే. లాజ్‌పత్ నగరులో బట్టల దుకాణం నడిపే చోప్రా తన భాగంలో ఒక రేకుల గది కూడా వేయించాడు. ఎనభై దాటిన ఆయన తల్లిని మేమందరమూ బీజీ అనేవాళ్ళం. మోకాళ్ళు వంగని ఆ పెద్దావిడ సాయంకాలాలు ఆ గదిలోనో, గది ముందు వేసిన నులకమంచం మీదనో కూర్చుని ఊరగాయలకు కాపలా కాసేది.

ప్రేమకుమారిగారు తన భాగంలో వెదురుకర్ర పాతి, చిరిగిన చీర పీలిక కట్టి గాలి జెండా ఎగరేశారు. దాని చుట్టూ పాత డబ్బాలలో చేమ పెంచారు. దీవినుంచి పెట్టెలో బట్టల మధ్య దాచి తెచ్చిన దుంపలట అవి. చేటలంత ఆకులు. ఎండవేళ ఆమె ఒక్కొక్క ఆకునూ పసిపిల్ల ముఖం తుడిచినట్లు తుడుస్తూ ఉండేవారు.

తెల్లవారగానే పుల్లల చీపురు పట్టుకొని డాబా ఊడ్వడం ఆమె నిత్యకృత్యం. ముందు చోప్రా భాగం, రేకుల గది నెత్తితో సహా. తరువాత మాది. తరువాత ఊళ్ళో లేని అధికారిగారిది. అంతే. చీపురు దులిపి, గోడకు ఆనించి, కిందికి దిగివచ్చేవారు. తన భాగాన్ని మాత్రం ఏనాడూ ఊడ్వరు! మా మూడు వాటాలూ అద్దంలా మెరుస్తూ ఉంటే, ఆమె వాటాలో దుమ్ము మేటవేసి, వేపాకు కుప్పపడి, కాలు పెడితే అచ్చు పడేది. పైగా ఆమె డాబా తలుపు తీయగానే మొదట తన భాగం వంకే చూసేవారు. పోస్టుమాన్ వస్తాడేమోనని వీధి చివర చూసే మనిషి చూపు అది. చూసి, చోప్రా వైపు వెళ్ళేవారు.

"మీది కూడా ఒక్క చీపురు వేయకపోయారా?" అన్నాను ఒకసారి.

"నాదా?" అని ఆమె, నేనేదో అనరాని మాట అన్నట్లు చెవులు ఎర్రబడి, "ఈవేళ గాలి దక్షిణం కదండీ" అని మాట మార్చేశారు.

ఈ పరోపకారం చోప్రాకు నిద్ర పట్టనీయలేదు. ఒకనాడు మెట్ల మీద నన్ను నిలబెట్టి గొంతు తగ్గించి మొరపెట్టుకొన్నాడు.

"మాస్టర్‌జీ, ఈ సిస్టర్‌జీ నా వాటా ఎందుకు ఊడుస్తోంది?"

"మంచితనం కొద్దీనండీ."

"అచ్ఛా! ఢిల్లీలో మంచితనం! ఇవాళ చీపురు, రేపు పూలకుండీ, ఎల్లుండి గోడ. మా మామగారి డాబా సరిగ్గా ఇలాగే పోయింది. ఆయన పొరుగువాడు కూడా మొదట ఊడ్చాడు."

నేను నవ్వాను గాని, నాకూ ఒక అనుమానం లేకపోలేదు. అయితే అది చోప్రా మీద. ప్రేమకుమారిగారి భాగంలో, చోప్రా గీత వెంబడి, మూరెడు వెడల్పున ఒక పట్టీ మాత్రం ఎప్పుడూ శుభ్రంగా ఉండేది. ఎంత దుమ్ము పడినా ఆ పట్టీ తళతళలాడుతూనే ఉండేది. చోప్రాయే రహస్యంగా మూరెడు మూరెడుగా హద్దు జరుపుతున్నాడని నేను నిర్ధారణకు వచ్చి, పొరుగువారి ఆస్తిని కాపాడే బాధ్యత నెత్తిన వేసుకొని, ఆమెను హెచ్చరించాను.

"చూడండి ప్రేమకుమారిగారూ, చోప్రా మీ హద్దు దాటుతున్నాడు."

ఆమె ఆ పట్టీ వంక చూశారు. ముఖం విప్పారింది. "దాటనీయండి అన్నయ్యగారూ" అన్నారు మెల్లగా.

ఇంటికి వచ్చి, "ఇంత అమాయకురాలైతే ఈ ఊళ్ళో ఎలా బతుకుతుందే?" అన్నాను.

"మీరు గాలి ఎటో చెప్పలేరు గాని, ఆవిడ ఆస్తి లెక్కలు చెబుతారు" అన్నది హనుమాయమ్మ.

చివరికి చోప్రా విషయాన్ని సొసైటీ సమావేశానికి ఎక్కించాడు. పార్కులో కుర్చీలు వేశారు. ప్రేమకుమారిగారి హిందీ ఆసుపత్రి హిందీ. "ఇధర్ దర్ద్, ఉధర్ దర్ద్" దాటి వెళ్ళేది కాదు. కనుక నేను దుబాసీని.

"ఈమె వాటా కానిదాన్ని ఈమె ఎందుకు ఊడుస్తున్నదో చెప్పమనండి" అన్నాడు కార్యదర్శి.

"ఆయనది కాబట్టే ఊడుస్తున్నానని చెప్పండి" అన్నారు ప్రేమకుమారిగారు.

నేను చెప్పాను. సభ నవ్వింది. చోప్రా నవ్వలేదు.

"మరి తన వాటా ఎందుకు ఊడ్వదట?"

ఈ ప్రశ్నకు ఆమె తల వంచుకొన్నారు. "అది నేను చెప్పకూడదండీ" అన్నారు. ఎంత అడిగినా అంతే. దానితో చోప్రా అనుమానానికి రుజువు దొరికినట్లయింది. ఎవరి వాటా వారే ఊడ్చుకొనవలెననీ, డాబా తలుపు తాళం చోప్రా వద్ద ఉండవలెననీ, మొక్కలకు నీళ్ళు పోసుకొనడానికి ఉదయం ఒక గంట తలుపు తెరవవలెననీ సభ తీర్మానించింది. అతిక్రమిస్తే మొక్కలు తీసివేయబడును.

"ఎవరిది వాళ్ళేనా?" అని ప్రేమకుమారిగారు నన్ను రెండుసార్లు అడిగారు. ఎవరి పెళ్ళికి వారే అక్షింతలు వేసుకోవాలని చెప్పినట్లు విస్తుపోయారు ఆమె.

మరునాటి నుంచి డాబా మీద చీపురు చప్పుడు లేదు. నాలుగు వాటాలూ ఒకే రంగు తిరిగాయి. చోప్రాకు దుకాణం తొందర, నాకు నడుమునొప్పి. ప్రేమకుమారిగారు మాత్రం తమ గంటలో చేమకు నీళ్ళు పోసి, ఆకులు తుడిచి, చోప్రా భాగంలోని తూము వంక దిగులుగా చూసి దిగివచ్చేవారు. మా అందరి వాననీరూ ఆ తూముగుండానే పోవాలి. "వేపాకు పడిపోతోంది అన్నయ్యగారూ. ఆ పెద్దావిడ గది పల్లంలో ఉంది" అనేవారు. నేను చోప్రాకు చెప్పాను. "మాస్టర్‌జీ, చీపురు అయింది, ఇప్పుడు తూమా?" అన్నాడు ఆయన. గాలి ప్రశ్న కూడా ఆగిపోయింది. పాలపొట్లం కోసం తలుపు తీసి, నేను కొంతసేపు ఊరకే నిలబడి ఉండేవాణ్ణి.

ఏప్రిల్ నెలలో ఒక సాయంకాలం. నేను పత్రిక చదువుకొంటూ ఉండగా ప్రేమకుమారిగారు మెట్లు నాలుగేసి దూకినట్లు వచ్చి తలుపు బాదారు.

"అన్నయ్యగారూ, గాలి పడమర! మెహ్రౌలీ వైపు ఆకాశం ఎర్రబడింది. వెనక వాన ఉంది. బీజీ పైన ఉంది!"

"చోప్రా?"

"దుకాణంలో. తాళం వేసి ఉంది!"

సంగతి ఇది. మధ్యాహ్న భోజనానికి వచ్చిన చోప్రా, ఎండ వాలగానే తల్లిని మెల్లగా పైకి చేర్చి, మామిడిముక్కల జాడీలు ఆమెకు అప్పగించి, తల్లికీ హద్దుకూ ఏకకాలంలో రక్షణ కల్పించే ఉద్దేశంతో బయటినుంచి తాళం వేసి వెళ్ళిపోయాడు. దుకాణానికి ఫోను చేస్తే గణగణ మోగుతుందే గాని తీసేవారు లేరు.

"ఏమి చేద్దామండీ?" అని నేను ఆలోచనలో పడ్డాను. హనుమాయమ్మ ఆలోచించలేదు. వంటింట్లోకి వెళ్ళి, తెనాలి నుంచి రైలులో మోసుకొచ్చిన తన రుబ్బురోలు పొత్రం తెచ్చి నా చేతిలో పెట్టింది. "వెళ్ళండి. ఇన్నాళ్ళూ దీనితో పప్పే రుబ్బాను."

ఆ తాళాన్ని పగలగొట్టింది నేనేనని చెప్పుకొనడానికి ఇప్పటికీ నాకు గర్వంగానే ఉంటుంది. నిజానికి నా మొదటి దెబ్బ తలుపుకు, రెండవది గోడకు తగిలాయి. మూడవది ప్రేమకుమారిగారు కొట్టారు.

తలుపు తెరిచేసరికి డాబా మీద ఆకాశం లేదు; ఇటుకపొడి ఎగురుతున్నది. గాలి జెండా కర్రతో సహా పడుకొన్నది. రేకులు దడదడలాడుతున్నాయి. ప్రేమకుమారిగారు గదిలోకి దూరి, బీజీని చంటిపిల్లలా చంకల కింద పట్టి లేవనెత్తి, మెట్ల గదిలో మా ఆవిడ చేతికి అప్పగించారు. మొదటి చినుకులు పడ్డాయి. ఆమె భాగంలో చేమ డబ్బాల పక్కన టార్పాలిన్ పట్టా మడిచి సిద్ధంగా ఉంది. దాన్ని విప్పి కప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆమె అటు పరుగెత్తుతారనే నేను అనుకొన్నాను.

ఆమె అటు వెళ్ళలేదు. చోప్రా వాటాలో తూము దగ్గర బోర్లాపడి, మోచేతి దాకా చేయి దూర్చి, గట్టిపడిన దుమ్మూ వేపాకూ పెళ్ళలు పెళ్ళలుగా పెరికి పారవేయసాగారు.

"మొక్కలండీ! మీ మొక్కలు!" అని అరిచాను.

"పట్టండి అన్నయ్యగారూ, ఈ చెత్త!" అని ఆమె ఒక పెళ్ళ నా మీదికే విసిరారు.

వాన కాదు, వడగళ్ళు. చేటలంత ఆకులు మా కళ్ళ ముందే పీలికలయ్యాయి. డాబా మీద నీళ్ళు మడుగు కట్టి, గది గడప వరకూ వచ్చి, కడపటి పెళ్ళ ఊడగానే గడగడమని తూములో దిగిపోయాయి. బీజీ పెట్టె, పరుపు, మామిడిముక్కల జాడీలు పొడిగా మిగిలాయి. చేమ డబ్బాలలో బోడి కాడలు మిగిలాయి.

సరిగ్గా అప్పుడు చోప్రా తడిసి ముద్దై పైకి వచ్చాడు. ముందు పగిలిన తాళం చూశాడు. తరువాత నా చేతిలోని పొత్రం చూశాడు.

"మాస్టర్‌జీ! ఆప్ భీ?"

నేను జవాబు వెతుక్కొంటూ ఉండగానే మెట్ల గదిలోంచి బీజీ గొంతు ఉరిమింది. పంజాబీలో ఆమె అన్నదాని సారాంశం ఇది: "ఒరే, విరిగింది నీ తాళం, నీ తల్లి కాదు. సంతోషించు." ఆపైన ఆ పెద్దావిడ చేయి చాచి, ప్రేమకుమారిగారి వాటాలోని మూరెడు పట్టీని చూపించింది.

"అది ఎవరు ఊడుస్తున్నారనుకొన్నావు? నేను. మంచం పట్టె మీద కూర్చుని, ఈ చేయి ఎంత అందితే అంత. వాళ్ళ దీవిలో ఎవరి కప్పు వారు ఊడ్చుకోరట. నీది పొరుగువాడు ఊడుస్తాడు, పొరుగువాడిది నువ్వు. ఊడ్వమని అడగకూడదు. ఊడ్చిందెవరని ఆరా తీయకూడదు. చీపురు చూపించి, చేతులు తిప్పి, ఈ పిల్ల నాకు వచ్చిన ఏడాదే చెప్పింది. అప్పటినుంచీ అందరివీ ఊడుస్తోంది. దీనిది ఊడ్చింది ఎవరురా? ఈ ముసలి చెయ్యి ఒక్కటే."

అరవైయేళ్ళు దాటిన ఆ 'పిల్ల' మోచేతి దాకా బురదతో నిలబడి, దొంగతనం బయటపడినట్లు సిగ్గుపడుతున్నారు.

ఆ సాయంకాలం ఆమెకు మా ఇంట్లోనే పెసరట్లు. చోప్రా కూడా వచ్చి కూర్చున్నాడు; రెండు తిన్నాక గాని తల ఎత్తలేదు. అబిగెయిల్ ఆఫీసు నుంచి వచ్చి, పీలికలైన ఆకులు చూసి, పెద్దమ్మ చేతికి మందు రాస్తూ కూర్చున్నది.

"పైగా ఎవరిది వాళ్ళు ఊడుస్తే పక్కింటి మీద పడుతుందండీ బూడిద" అని ప్రేమకుమారిగారే మాట మొదలుపెట్టారు, తమ ఆచారానికి సంజాయిషీగా. "అందుకని పక్కవాళ్ళది ముందు. మా పక్కిల్లు తెరేజా అని ఒక ముసలావిడది. నా కప్పు ఆవిడ కొడుకు ఊడ్చేవాడు. వాడు సముద్రంలో పోయాక ఆవిడే నిచ్చెనెక్కేది. వద్దంటే వినేది కాదు. ఆవిడది నేను."

"ఇప్పుడున్నారా ఆవిడ?" అన్నాను.

"పడవ వచ్చినప్పుడు ఆసుపత్రి వాళ్ళందరినీ ముందు ఎక్కించారు. తెరేజా తరవాత పడవలో వస్తానంది. నా కప్పు మాత్రం పొద్దున్నే ఊడ్చేసి ఉంది. నేను పైకి చూశాను, ఆవిడది నల్లగా ఉంది. నిచ్చెన ఎక్కుదామంటే పడవ కూత వేసింది." ఆమె పళ్ళెంలో అట్టు ముక్కను అటూ ఇటూ జరిపారు. "తరవాత పడవ వెళ్ళిందో లేదో తెలియదండీ. చాలా చోట్ల అడిగాను. ఆ రోజు గాలి మాత్రం మా ఇళ్ళ మీదికే ఉంది."

హనుమాయమ్మ లేచి వెళ్ళి ఇంకొక అట్టు తెచ్చి, అడగకుండానే ఆమె పళ్ళెంలో వేసింది.

మరునాడు తెల్లవారకుండానే నేను చీపురు తీసుకొని చప్పుడు కాకుండా మెట్లెక్కాను. రెండవ అంతస్తు మలుపులో చోప్రా ఎదురయ్యాడు. చేతులు వెనక్కి పెట్టుకొని ఉన్నాడు. తల పైనుంచి చీపురు కొస కనిపిస్తున్నది.

"మార్నింగ్ వాక్, మాస్టర్‌జీ."

"నాదీ అదేనండీ."

ఇద్దరమూ ఎంతో గౌరవంగా పైకి వెళ్ళేసరికి, అక్కడ హనుమాయమ్మ అప్పటికే సగం ఊడ్చేసి ఉంది.

ప్రేమకుమారిగారు ఆ ఉదయం డాబా తలుపు తీసి, ఎప్పటిలాగే ముందు తన వాటా వంక చూశారట. ఆవేళ పొద్దున్నే చోప్రా పైకి చేర్చిన బీజీ చెప్పింది. చూసి, చాలాసేపు నిలబడి, చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టారట. మమ్మల్ని మాత్రం ఒక్క మాట అడగలేదు. అడగకూడదు గదా. పాలపొట్లం వేళకు పై మెట్ల నుంచి ప్రశ్న మాత్రం మళ్ళీ దిగివచ్చింది. "అన్నయ్యగారూ, ఈవేళ గాలి ఎటు?" నేను అప్పటికే పైన చూసి వచ్చి ఉన్నందున, "నైరుతి" అని జీవితంలో మొదటిసారిగా సరైన సమాధానం చెప్పాను.

ఈ కథ ఇక్కడితో ముగిస్తే బాగుండును. కాని ఆమె వాటా శుభ్రంగా ఉన్నది ఆ ఒక్క వేసవే. వానాకాలం వచ్చేసరికి ఇంటి యజమాని ఫ్లాటు అమ్ముకొన్నాడు. అబిగెయిల్ తన కార్యాలయానికి దగ్గరగా నోయిడాలో ఒక అపార్టుమెంటు తీసుకొన్నది. ఎత్తయిన భవనంలో ఎక్కడో నడిమి అంతస్తు. నెత్తిన ఇంకొకరి ఇల్లు, కాళ్ళ కింద ఇంకొకరి ఇల్లు. ఊడ్వడానికి కప్పు లేదు. డాబాకు శాశ్వతంగా తాళం. దాన్ని పగలగొట్టగల పొత్రం నోయిడాలో లేదు. వెళ్ళేరోజున బోడి డబ్బాలలో చేమ మొలకలు వేలెడు లేచి ఉన్నాయి. "దుంపకేం కాలేదు, చూశారా" అని ఆమె మురిసిపోయి, ఒక్క డబ్బా మాత్రం ఒడిలో పెట్టుకొని, తక్కినవి మాకు వదిలి ట్యాక్సీ ఎక్కారు. నడిచి వెళ్ళి పలకరించగల దూరంలో ఆమె ఉన్నన్నాళ్ళూ మేము ఆమెను చూసి నవ్వుకొన్నాము. ఆచారం తెలిసి ఆమెతో కలిసి బతికినది నాలుగు నెలలైనా కాదు.

మా డాబా ఇప్పుడు చుట్టుపక్కల బ్లాకులన్నిటిలోకీ శుభ్రమైనది. మా వాటా చోప్రా ఊడుస్తాడు. చోప్రాది నేను. పై అంతస్తులోకి కొత్తగా వచ్చిన దంపతులు తమ వాటా దేవతలు ఊడుస్తున్నారని కొన్నాళ్ళు భయపడ్డారు. ఇప్పుడు ఊళ్ళో లేని అధికారిగారి వాటా వారు చూసుకొంటున్నారు. నాకు నడుమునొప్పి ఎక్కువైన రోజున తలుపు తట్టి చోప్రా, "మాస్టర్‌జీ, ఆజ్ హవా కిధర్ కీ హై?" అని అడిగి, నేను చెప్పిన దిక్కును బట్టి ఊరగాయ జాడీలు జరుపుకొంటాడు.

నోయిడా నుంచి కబుర్లు అబిగెయిల్ చెప్పేది. "అంకుల్, ఆంటీ పూరా కారిడార్ ఝాడూ లగాతీ హై. అందరి డోర్ ముందూ. హమారా ఛోడ్‌కే!" అని ఏడుపు నవ్వుల మధ్య మొరపెట్టుకొనేది. ఆ అంతస్తులో వారికి ఈమె ఎవరో, ఈ పిచ్చి ఏమిటో తెలియదు. లిఫ్టు దగ్గర నిలబెట్టి గాలి ఎటని అడుగుతారు గనుక కొందరు మెట్ల మీదుగా దిగిపోతున్నారని కూడా విన్నాము. కిటికీలు తెరుచుకోని ఆ వసారాలో, తన గుమ్మం ముందు దుమ్మును రోజూ ఉదయం ఆమె చూసే చూపు తలచుకొని మా ఇంట్లో ఇద్దరమూ కాఫీ చల్లారబెట్టుకొనేవాళ్ళం. వెళ్ళి ఊడ్చివద్దామని హనుమాయమ్మ రెండుసార్లు బయలుదేరింది కూడా. బస్సులు రెండు మారాలి. వెళ్ళేసరికి తెల్లవారి ఎండెక్కుతుంది.

మొన్న దీపావళి వెళ్ళిన మరునాడు, పాలపొట్లం వేళకు ఫోను మోగింది.

"అన్నయ్యగారూ!" ప్రేమకుమారిగారి గొంతు. ఎవరైనా వింటారేమోనన్నట్లు గుసగుసగా.

"ఏమండీ, ఒంట్లో బాగుందా?"

"బాగుందండీ. ఈవేళ... తలుపు తీశానండీ. మా గుమ్మం ముందు ఎవరో ఊడ్చేసి ఉంది."

"ఎవరండీ?" అని నోరు జారి, వెంటనే నాలుక కరచుకొన్నాను.

"అదేమిటండీ," అన్నారామె కినుకగా, "అడగకూడదు గదా!" అని, గొంతు మామూలుగా పెంచి, "సరే గాని, మీకు ఈవేళ గాలి ఎటు?" అన్నారు.